ఇంటర్ తర్వాత మానవశాస్త్రం చదవాలంటే: ఉన్న నాలుగు దారులు, ఎవరికి ఏది

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారానికల్లా నాకు ఫోన్లు మొదలవుతాయి. చుట్టాల పిల్లలు, నేను పనిచేసే ఊళ్ల పిల్లలు, వాళ్ల స్నేహితులు. "అక్కా, ఆంత్రోపాలజీ, అదే మానవశాస్త్రం, చదవాలని ఉంది. డిగ్రీలోనే తీసుకోవాలా, సోషియాలజీ చేసి పీజీలో మారాలా? అసలు మన దగ్గర ఎక్కడుంది?" అని అడుగుతారు. ఆ వెనకే వాళ్ల నాన్న గొంతు వినిపిస్తుంది: "ఉద్యోగం వస్తుందేమో అడుగు."

రెండూ న్యాయమైన ప్రశ్నలే. నేను మంచిర్యాలలో బీఏ చదివి, పీజీలో ఈ సబ్జెక్టులోకి వచ్చాను. పదకొండేళ్లుగా ఏజెన్సీ గ్రామాల్లో ఆరోగ్య, పోషకాహార సర్వేల్లో పనిచేస్తున్నాను. ప్రతి ఏడాదీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని ఈసారి ఒకచోట రాస్తున్నాను. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ చదివిన పిల్లలను మనసులో పెట్టుకుని రాసింది ఇది.

## ముందు మీకు ఏ వైపు ఇష్టమో తెలుసుకోండి

మానవశాస్త్రానికి నాలుగు శాఖలని పుస్తకాల్లో ఉంటుంది: శారీరక, సామాజిక-సాంస్కృతిక, పురావస్తు, భాషా మానవశాస్త్రాలు. ఈ పేర్లు వింటే ఏమీ బోధపడదు. అందుకే మనింటి విషయంతో చెప్తాను.

మేనరికం తీసుకోండి. మేనమామ కూతురు మరదలు, చిన్నాన్న కూతురు చెల్లెలు. రక్తసంబంధం లెక్కన ఇద్దరూ ఒకే దూరం. అయినా ఒకరితో పెళ్లి మాట నవ్వుతూ ఎత్తుతారు, ఇంకొకరి విషయంలో ఆ ఊహే రాకూడదు. మన భాషలో కూడా ఈ లెక్క ఇమిడిపోయింది. నాన్న చెల్లెలూ అత్తే, భార్య తల్లీ అత్తే. అమ్మ తమ్ముడూ మామే, భర్త తండ్రీ మామే. అమెరికన్ పండితుడు లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో అచ్చయిన బంధుత్వాల గ్రంథంలో తమిళ, కన్నడ పదాలతో పాటు మన తెలుగు చుట్టరికపు పదాలనూ పట్టికల్లో వేశాడు. ఈరోజు ప్రపంచంలో ఎక్కడ మానవశాస్త్రం చదివినా 'ద్రావిడ బంధుత్వం' అనే పాఠం ఉంటుంది. అందులో ఉన్నది మన అత్తయ్యలు, బావలు, మరదళ్లే. ఇది సామాజిక మానవశాస్త్రం.

అదే మేనరికాన్ని ఇంకో వైపు నుంచి చూడండి. తరతరాలుగా దగ్గరి చుట్టాల మధ్య పెళ్లిళ్లు జరిగితే పిల్లల జన్యువుల్లో ఏం మార్పు వస్తుంది? ఏ రుగ్మతలు పెరుగుతాయి, ఎంత మేరకు? ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల మీద ఇలాంటి జన్యు అధ్యయనాలు 1960ల్లోనే జరిగాయి. ఇది శారీరక మానవశాస్త్రం. ఎముకలు, పుర్రె కొలతలు, రక్త గ్రూపులు, పోషణ, జన్యుశాస్త్రం అన్నీ ఈ వైపున ఉంటాయి.

ఈ రెండు ప్రశ్నల్లో మీకు రాత్రి నిద్ర మాని చదవాలనిపించేది ఏది? మొదటిదైతే మీకు సైన్సు ల్యాబు లేకున్నా నడుస్తుంది, ఎంపికలు కూడా ఎక్కువ. రెండోదైతే బయాలజీ బలంగా ఉండే కోర్సే కావాలి, అప్పుడు ఎంపికలు బాగా తగ్గిపోతాయి. రెండూ నచ్చితే సంతోషం, నాలుగు శాఖలూ కలిపి నేర్పే చోటు వెతకాలి.

మిగతా రెండు శాఖలకూ మన నేలలో గట్టి పునాది ఉంది. పురావస్తు శాఖ సంగతి చూస్తే, కర్నూలు వైపు జ్వాలాపురంలో దాదాపు 74,000 ఏళ్ల కిందటి, ఇండోనేషియాలోని తోబా అగ్నిపర్వతపు బూడిద పొర కింద, పైన కూడా రాతి పనిముట్లు దొరికాయి. భాషా శాఖ అంటారా, వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకున్నారు. 1930ల్లో సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు అచ్చువేయించారు. ఆ రోజుల్లో ఆయన చేసిన పనిని ఇప్పుడు ఈ శాఖలో ఫీల్డ్‌వర్క్ అంటారు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నా లెక్కలో అన్నింటికన్నా ముందు చూడాల్సింది ఫీల్డ్‌వర్క్. కోర్సులో విద్యార్థిని ఒక ఊరికి పంపి, కనీసం రెండు మూడు వారాలు అక్కడే ఉంచి, నోట్సు రాయించి, దాని మీద రిపోర్టు రాయిస్తారా లేదా? ఈ సబ్జెక్టులో పుస్తకం చదివితే సగమే వస్తుంది. మిగతా సగం ఎవరింటి అరుగు మీదో కూర్చుని, వాళ్లు తీరిగ్గా చెప్పేదాకా ఓపిక పట్టి వినడంలో వస్తుంది. నేను డిగ్రీ చదివిన కాలేజీలో సోషియాలజీ లెక్చరర్ పోస్టు ఏడాదిన్నర ఖాళీగా ఉంది. మూడేళ్లలో ఒక్కసారి కూడా మమ్మల్ని ఏ ఊరికీ తీసుకెళ్లలేదు. పీజీలో చేరాక మొదటి ఫీల్డ్ ట్రిప్పులో, డిగ్రీలోనే రెండు ఊళ్లు చూసొచ్చిన నా క్లాస్‌మేట్లు ఇంటింటికీ వెళ్లి మాట కలుపుతుంటే, నేను ప్రశ్నల కాగితం పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఆ తేడా పోవడానికి నాకు ఏడాది పట్టింది.

రెండోది, మూడేళ్ల తర్వాత మీ చేతిలో ఏముంటుంది అన్నది. మధ్యలో ఇంటి పరిస్థితి మారొచ్చు, మీ మనసే మారొచ్చు. అప్పుడు డిగ్రీ పట్టాతో బయటికి రాగలగాలి, ఆ పట్టాతో వేరే పీజీకి వెళ్లగలగాలి.

మూడోది డబ్బు, దూరం. హాస్టల్ దొరుకుతుందా, స్కాలర్‌షిప్ వర్తిస్తుందా, ఏడాదికి ఎన్నిసార్లు ఇంటికి రాగలరు. ఆడపిల్లల ఇళ్లలో తరచూ ఇదొక్కటే నిర్ణయిస్తుంది.

నాలుగోది మాధ్యమం. తెలుగు మీడియంలో చదివినవాళ్లు దీన్ని చిన్నగా తీసుకోవద్దు, అలాగని దీనికి భయపడి ఆగిపోవద్దు. కింద విడిగా రాశాను.

ఉద్యోగాన్ని కొలమానంగా ఇక్కడ పెట్టలేదు. డిగ్రీ స్థాయిలో ఈ నాలుగు దారుల మధ్య ఉద్యోగాల్లో పెద్ద తేడా ఉండదు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

## మొదటి దారి: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదేళ్ల కోర్సు

గచ్చిబౌలిలోని యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. అందులో మానవశాస్త్రం ఒక విభాగం. ప్రవేశం సీయూఈటీ యూజీ ద్వారా, అంటే సెంట్రల్ యూనివర్సిటీలన్నిటికీ ఉమ్మడిగా జరిగే ప్రవేశ పరీక్ష ద్వారా. మొదట్లో ఆర్థికశాస్త్రం, చరిత్ర, సమాజశాస్త్రం లాంటి పక్క సబ్జెక్టులూ చదువుతారు, తర్వాత మానవశాస్త్రం చిక్కబడుతుంది. మూడేళ్లకు బీఏతో బయటికి వచ్చే వీలూ ఉంది.

సామాజిక వైపు ఇష్టమున్న తెలుగు పిల్లలకు నేను మొదట చెప్పేది దీన్నే. ఇల్లు దగ్గర. ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే ఫీజు చాలా తక్కువ. పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్లు అదే భవనంలో తిరుగుతుంటారు. క్యాంటీన్‌లో వాళ్ల పక్కన కూర్చుంటే ఏ ఊళ్లో ఏం చూశారో చెప్తారు, అందులోనే చాలా నేర్చుకుంటారు. ఏ రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లైనా క్లాసులో ఉంటారు కాబట్టి, మన ఆచారాలు అందరికీ ఉండవని మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

లోటు ఏమిటంటే సీట్లు తక్కువ, పోటీ దేశమంతటి నుంచి. ఎముకలు, జన్యువుల వైపు గట్టిగా వెళ్లాలనుకునే బైపీసీ విద్యార్థికి ఇది సరిపోదు.

## రెండో దారి: ఢిల్లీలో బీఎస్సీ ఆనర్స్

ఢిల్లీ యూనివర్సిటీలో మానవశాస్త్ర విభాగం 1947లో మొదలైంది. అక్కడ దీన్ని సైన్సు కోర్సుగా చెప్తారు. హన్స్‌రాజ్ కాలేజీలో బీఎస్సీ ఆనర్స్ ఆంత్రోపాలజీ ఉంది. మానవ పరిణామం, అస్థిపంజరం, కొలతలు, జన్యుశాస్త్రం, వాటితో పాటు సామాజిక, పురావస్తు విషయాలు కూడా ఉంటాయి. ప్రాక్టికల్ రికార్డులు, ల్యాబు పని తప్పవు. 2022లో వచ్చిన కొత్త పద్ధతి ప్రకారం నాలుగేళ్ల డిగ్రీ, మూడేళ్లకు ఆపేసే వీలుంది.

ఇది బైపీసీ వాళ్ల కోర్సు. ఎంపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ వాళ్లు దీని మీద ఆశ పెట్టుకునే ముందు ఆ ఏడాది సీయూఈటీ సబ్జెక్టుల షరతు చదవండి. నీట్‌లో సీటు రాని పిల్లలు ప్రతి ఏడాదీ వేలల్లో ఉంటారు. వాళ్లలో మనుషుల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఈ కోర్సు బాగా కుదురుతుంది. కానీ సంగతి తెలిసేసరికి సీయూఈటీ దరఖాస్తు గడువు దాటిపోతుంది. నీట్‌తో పాటే సీయూఈటీకీ దరఖాస్తు పెట్టి ఉంచుకుంటే ఈ దారి మూసుకుపోదు.

ఢిల్లీ ఖర్చును ఫీజుతో లెక్కేయొద్దు. ఫీజు కట్టగలిగినంతే ఉంటుంది, అద్దె గది అలా ఉండదు. కాలేజీ హాస్టల్ రాకపోతే గది అద్దె, తిండి కలిపి ఫీజుకు ఎన్నో రెట్లవుతాయి. ఇంట్లో కూర్చుని నాలుగేళ్ల లెక్క కాగితం మీద వేసుకున్నాకే నిర్ణయించుకోండి.

## మూడో దారి: దగ్గరి కాలేజీలో డిగ్రీ, ఆ తర్వాత పీజీ

మనలో ఎక్కువమంది నడిచేది ఈ దారినే. దీన్ని తక్కువగా చూడాల్సిన పని లేదు. మానవశాస్త్రం పీజీలో చేరడానికి డిగ్రీలో అదే సబ్జెక్టు ఉండాలన్న నియమం చాలా చోట్ల లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీ, తిరుపతిలో శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ, మూడింటిలోనూ మానవశాస్త్ర విభాగాలున్నాయి. మొదటిదానికి సీయూఈటీ పీజీ, మిగతా రెంటికీ ఏపీ పీజీసెట్ రాయాలి.

అయితే డిగ్రీలో ఏం తీసుకోవాలి? సామాజిక వైపైతే సమాజశాస్త్రం, చరిత్ర, తెలుగు లేదా ఇంగ్లిష్ సాహిత్యం. సమాజశాస్త్రం మరీ దగ్గరి బంధువు. పుస్తకాలు, పేర్లు, సిద్ధాంతాలు సగం ఉమ్మడివే. హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట సంగతే చూడండి. మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1950ల మొదట్లో ఉస్మానియా నుంచి ఒక బృందంతో ఆ ఊరికి వెళ్లి అధ్యయనం చేశారు. 1955లో వచ్చిన ఆ పుస్తకాన్ని సమాజశాస్త్రం వాళ్లూ చదువుతారు, మేమూ చదువుతాం. శారీరక వైపైతే జువాలజీ, జెనెటిక్స్, బయోటెక్నాలజీ ఉన్న బీఎస్సీ మేలు. తవ్వకాల మీద మనసుంటే చరిత్ర తీసుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివేవాళ్లకు ఒక అవకాశం ఉంది, చాలామంది దాన్ని చేజార్చుకుంటున్నారు. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్పులు తప్పనిసరి. పిల్లలు ఎక్కువగా ఎవరిదో పాత రిపోర్టు చూసి రాసి ఇచ్చేస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ ప్రాజెక్ట్ చేసే రోజులన్నీ మీ మండలంలో ఒక వీధినో, ఒక తండానో, ఒక వృత్తినో పట్టుకోండి. వలలు అల్లేవాళ్లు, మగ్గం నేసేవాళ్లు, సంతలో కూరగాయలు అమ్మే ఆడవాళ్లు, ఎవరైనా సరే. రోజూ రాత్రి తేదీ వేసి నోట్సు రాసుకోండి. పీజీ ఇంటర్వ్యూలో, తర్వాత సర్వే ఉద్యోగాల్లో ఆ నోట్సు మీ సర్టిఫికెట్ల కన్నా ఎక్కువగా మీ గురించి చెప్తుంది. తెలంగాణలో దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా చేరిన వాళ్లకు ఇలాంటి తప్పనిసరి ప్రాజెక్ట్ లేకపోతే, వేసవి సెలవుల్లో మీ అంతట మీరే ఇది చేయొచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఊళ్లోవాళ్ల అనుమతి తప్ప.

ఈ దారిలో ఉన్న ప్రమాదం నేను అనుభవించిందే. డిగ్రీ మూడేళ్లు మిమ్మల్ని ఎవరూ ఊళ్లోకి తీసుకెళ్లకపోవచ్చు. పీజీ మొదటి సెమిస్టర్‌లో శారీరక మానవశాస్త్రం, జన్యుశాస్త్రం ఒక్కసారిగా మీద పడతాయి. బీఏ నుంచి వచ్చినవాళ్లకు టెన్షన్ మామూలుగా ఉండదు. ఇంటర్ జువాలజీ పుస్తకంలో వంశపారంపర్యం, పరిణామం పాఠాలు ముందే తిరగేసుకుంటే ఆ మొదటి నెలలు తేలికవుతాయి. నేను చేసిన పని అదే. మా చెల్లెలి పుస్తకం తీసుకుని చదివాను.

## నాలుగో దారి: ఇగ్నో

ఉద్యోగం చేస్తున్నవాళ్లు, పెళ్లై పిల్లలున్నవాళ్లు, ఊరు వదిలే వీలు లేనివాళ్లకు దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో మానవశాస్త్రంలో బీఎస్సీ ఉంది, ఎంఏ కూడా ఉంది. ఇగ్నో ప్రవేశాలు ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, జులైలో. పాఠ్యపుస్తకాలు నిజంగా బాగుంటాయి. రెగ్యులర్ కోర్సు చదివే పిల్లలూ, సివిల్స్‌కు తయారయ్యేవాళ్లూ వాటినే చదువుతారు.

బీఎస్సీలో చేరేముందు మాత్రం మీ దగ్గరి స్టడీ సెంటర్‌కు స్వయంగా వెళ్లి, మానవశాస్త్రం ప్రాక్టికల్స్ అక్కడ జరుగుతాయా, లేకపోతే ఏ ఊరికి వెళ్లాలి అని అడగండి. పద్దెనిమిదేళ్ల పిల్లలకు, రెగ్యులర్ కాలేజీకి వెళ్లే వీలు ఉన్నవాళ్లకు నేను దీన్ని మొదటి ఎంపికగా చెప్పను. ఆ వయసులో నలుగురితో కలిసి ఊళ్లోకి వెళ్లి, రాత్రి కూర్చుని "నువ్వేం చూశావు, నేనేం చూశాను" అని వాదించుకోవడం పోస్టులో రాదు.

విదేశాల్లో డిగ్రీ గురించి ఒక్క మాట. అమెరికా యూనివర్సిటీల్లో నాలుగు శాఖలూ కలిపి చెప్పే పద్ధతి బలంగా ఉంది, మొదటి ఏడాది ఏ సబ్జెక్టూ తేల్చుకోకుండా చేరొచ్చు. కానీ పూర్తి స్కాలర్‌షిప్ లేకుండా అప్పు చేసి డిగ్రీకి వెళ్లొద్దని చెప్తాను. పీజీకో పీహెచ్‌డీకో వెళ్తే ఫండింగ్ దొరికే వీలు ఎక్కువ. అప్పటికి మీ దగ్గర చెప్పుకోదగ్గ ఫీల్డ్ అనుభవం కూడా ఉంటుంది.

## ఒక్క చూపులో

| చూడాల్సింది | హైదరాబాద్ ఐదేళ్ల ఎంఏ | ఢిల్లీ బీఎస్సీ | దగ్గరి డిగ్రీ + పీజీ | ఇగ్నో |
|---|---|---|---|---|
| ఏ వైపు బలం | సామాజిక | శారీరక, కొంత అన్నీ | మీరు తీసుకునే సబ్జెక్టును బట్టి | అన్నీ కొంత కొంత |
| ఇంటర్ గ్రూపు | ఏదైనా | బైపీసీ | ఏదైనా | నోటిఫికేషన్ చూసుకోవాలి |
| ప్రవేశం | సీయూఈటీ యూజీ | సీయూఈటీ యూజీ | దోస్త్ లేదా ఏపీ ఆన్‌లైన్ అడ్మిషన్లు, తర్వాత పీజీ ఎంట్రన్స్ | నేరుగా |
| ఫీల్డ్‌వర్క్ | కోర్సులో భాగం | కోర్సులో భాగం | డిగ్రీలో మీ చొరవే | ప్రాజెక్ట్ వరకు |
| ఖర్చు | తక్కువ | ఫీజు తక్కువ, బతకడానికి ఎక్కువ | అన్నిటికన్నా తక్కువ | తక్కువ |
| మధ్యలో మారాలంటే | మూడేళ్లకు బీఏ | మూడేళ్లకు డిగ్రీ | చాలా తేలిక | తేలిక |

## మీరు వీళ్లలో ఒకరైతే

సివిల్స్ కోసమే ఈ సబ్జెక్టు చదవాలనుకుంటే. ఆగండి. సివిల్స్ మెయిన్స్‌లో ఆప్షనల్‌కు, అంటే మనం ఎంచుకునే సబ్జెక్టుకు, రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు. మొత్తం 1750లో 500. మానవశాస్త్రం సిలబస్ చిన్నది, అందుకే మనవాళ్లలో దీనికి ఆదరణ ఎక్కువ. 2017 పరీక్షలో దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ ఆప్షనల్ ఇదే. 2023 పరీక్షలో మూడో ర్యాంకు వచ్చిన పాలమూరు అమ్మాయి దోనూరు అనన్యరెడ్డి ఆప్షనల్ కూడా ఇదే. ఆయన డిగ్రీలో చదివింది ఇంజనీరింగ్, ఆమె చదివింది జాగ్రఫీ. ఆప్షనల్ కోసం డిగ్రీలో మానవశాస్త్రం ఉండాల్సిన పని లేదని ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేను. ఇక మన గ్రూప్-1 మెయిన్స్‌లో ఆప్షనల్ సబ్జెక్టే లేదు. మూడు నాలుగేళ్లు చదివేది మీకు ఇష్టమైనదై ఉండాలి. సివిల్స్ రాకపోయినా ఆ చదువు మీతోనే ఉంటుంది.

తెలుగు మీడియంలో చదివినవాళ్లైతే. సీయూఈటీని తెలుగులో రాయొచ్చు. చేరాక క్లాసు మాత్రం ఇంగ్లిష్‌లోనే. మొదటి ఏడాది కష్టమే, అబద్ధం చెప్పను. కానీ ఈ సబ్జెక్టులో మీకు ఒక బలం ఉంది. ఊళ్లో ముసలమ్మ చెప్పే మాటను అనువాదకులు లేకుండా వినగలరు. సామెతలో దెప్పిపొడుపు ఎక్కడుందో, పలకరింపులో మర్యాద ఎక్కడ తగ్గిందో పట్టుకోగలరు. ఇంగ్లిష్ రెండేళ్లలో వస్తుంది, ఈ చెవి రెండేళ్లలో రాదు. దగ్గరి కాలేజీలో డిగ్రీ చేస్తూ, రోజూ నాలుగు పేజీల ఇంగ్లిష్ చదివి పీజీకి వెళ్లడం మీకు మేలైన దారి. ధైర్యం ఉంటే నేరుగా హైదరాబాద్‌కే రండి.

మీరు గోండు, కొలాం, కోయ, చెంచు, సవర, కొండరెడ్డి పిల్లలైతే. మీకు చెప్పాల్సింది ఎక్కువగా ఉంది, ఎందుకంటే ఈ సబ్జెక్టులో మీవాళ్లు లేని లోటే పెద్దది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవాలనుకుంది. ఆ పని ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ చేతికి వచ్చింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి పనిచేశారు. అక్కడ గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం నడిచింది, గోండీలో వాచకాలు వచ్చాయి. బెట్టీ సమాధి ఈరోజుకీ మార్లవాయిలో ఉంది, ఆ దంపతులను ఊరంతా తలుచుకుంటుంది. వాళ్ల పని మీద నాకు గౌరవం ఉంది. అయినా ఆ పుస్తకాల్లో మీ తాతముత్తాతలు ఫొటోల్లో ఉన్నారు, రాసినవాళ్లలో లేరు. ఎనభై ఏళ్లు దాటింది, ఆ లెక్క ఇంకా సరికాలేదు.

బయటివాళ్లకు మీ భాష నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది. మీకది ఉగ్గుపాలతో వచ్చింది. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది, పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, పాడేరు, రంపచోడవరం, పార్వతీపురం, సీతంపేట, ఎక్కడైనా సరే దగ్గరి ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో సీయూఈటీ దరఖాస్తుకు, ప్రయాణానికి సాయం అడగండి. మీకు మొదటి దారి, కుదరకపోతే మూడోది. మీ వాళ్ల గురించే చదవాలన్న నియమమేమీ లేదు. కావాలంటే హైదరాబాద్ ఐటీ కంపెనీల మీదో, గుంటూరు మిర్చి యార్డు మీదో పరిశోధన చేయండి.

ఇంట్లో దూరం పంపనంటే. మూడో దారి, అంతే. డిగ్రీ అయ్యేసరికి అమ్మానాన్నల మనసు మారడం నేను చాలా ఇళ్లలో చూశాను.

## నాన్నగారి ప్రశ్న

ఉద్యోగం సంగతి. డిగ్రీతోనే 'ఆంత్రోపాలజిస్ట్' అనే ఉద్యోగం రాదు. డిగ్రీ ఏదైనా సరే అనే పరీక్షలన్నీ, అంటే గ్రూప్స్, బ్యాంకులు, ఎస్ఎస్‌సీ వంటివి మిగతావాళ్లలాగే రాసుకోవచ్చు. స్కూల్లో, ఇంటర్‌లో ఈ సబ్జెక్టు చెప్పే చోట్లు దాదాపు లేవు. టీచర్ ఉద్యోగం మనసులో ఉంటే చరిత్ర, ఆర్థికశాస్త్రం లాంటి సబ్జెక్టులతో బీఏ చేసి బీఈడీకి వెళ్లడమే సరైన నిర్ణయం. ఆ ఆశతో మానవశాస్త్రంలోకి రావద్దు.

అసలు అవకాశాలు పీజీ తర్వాత మొదలవుతాయి. 1945లో ఏర్పడిన ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కోల్‌కతా కేంద్రంగా పనిచేస్తుంది. మైసూరు, నాగ్‌పూర్, జగదల్‌పూర్‌లలో దాని ప్రాంతీయ కేంద్రాలున్నాయి. పోస్టులు తక్కువే పడతాయి. రాష్ట్రాల గిరిజన పరిశోధన సంస్థలు, మ్యూజియంలు, పోషకాహారం, మాతాశిశు ఆరోగ్యం మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, సర్వే సంస్థలు ఉన్నాయి. యాప్‌లు, వస్తువులు జనం ఎలా వాడుతున్నారో ఇళ్లకు వెళ్లి చూసి చెప్పే యూజర్ రీసెర్చ్ పనిలోకి కూడా మావాళ్లు వెళ్తున్నారు. లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో మానవశాస్త్రం విడి సబ్జెక్టు. అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ చేసినన్నాళ్లు ఇంటికి భారం కారు.

కాబట్టి నాన్నగారికి నేను చెప్పేది ఇది: ఐదేళ్లు చదివించగలిగితేనే ఈ దారిలోకి పంపండి. మూడేళ్లలో జీతం తప్పనిసరైన ఇల్లైతే, డిగ్రీ వేరేది చేయించి, అబ్బాయో అమ్మాయో ఉద్యోగంలో కుదురుకున్నాక ఇగ్నో ఎంఏ చదువుకోనివ్వండి. నాతో పనిచేసే ఒక ఏఎన్ఎం నలభై ఏళ్ల వయసులో అలాగే చదువుతోంది. మా టీమ్‌లో అందరికన్నా మంచి ఫీల్డ్ నోట్సు రాసేది ఆమే.

## చేరేముందు చేయాల్సినవి

కాలేజీకి వెళ్తే ప్రిన్సిపాల్ గదికన్నా ముందు రెండో ఏడాది పిల్లల దగ్గరికి వెళ్లండి. మిమ్మల్ని ఫీల్డ్‌కు తీసుకెళ్లారా, ఏ ఊరికి, ఎన్ని రోజులు, అని అడగండి. ఊరి పేరు వెంటనే చెప్తే ఆ కోర్సు బతికున్నట్టే. సబ్జెక్టు చెప్పేవాళ్లు పర్మినెంటా, గెస్ట్ ఫ్యాకల్టీయా, పోయినేడు ఎన్ని నెలలు క్లాసులు జరిగాయి అనేదీ వాళ్లే చెప్తారు.

ఈ చదువు మీకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఒక ఆదివారం చాలు. అమ్మమ్మనో నానమ్మనో కూర్చోబెట్టి నాలుగు తరాల వంశవృక్షం గీయండి. ఎవరు ఎవర్ని చేసుకున్నారు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరు చిన్నప్పుడే పోయారు, ఎందుకు పోయారు, ఏ పెళ్లి వల్ల రెండు ఇళ్ల మధ్య మాటల్లేకుండా పోయాయి, అన్నీ రాసుకోండి. ఆమె చెప్పడం ఆపినా మీకు ఇంకా అడగాలనిపిస్తే ఈ సబ్జెక్టు మీదే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు మాసాబ్ ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియం, విశాఖ వైపు ఉన్నవాళ్లు అరకు మ్యూజియం ఒకసారి చూసిరండి.

ఇక తేదీల విషయం. సీయూఈటీ యూజీ దరఖాస్తులు ఇంటర్ ఫలితాలు రాకముందే మొదలై ముగిసిపోతాయి. సెకండియర్ సంక్రాంతి సెలవుల నుంచే నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. ఫారం నింపేటప్పుడు మీరు ఎంచుకునే సబ్జెక్టులను బట్టే తర్వాత ఏ కోర్సుకు అర్హులో తేలుతుంది. ముందుగా మీకు కావాల్సిన కోర్సు షరతులు చదివి, ఆ తర్వాతే ఫారంలో సబ్జెక్టులు టిక్ చేయండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు డిసెంబర్‌లోనే మీసేవలోనో సచివాలయంలోనో తీసి పెట్టుకోండి. గడువు రోజు సర్వర్ పనిచేయక ఏడాది పోగొట్టుకున్న పిల్లలు నాకు ముగ్గురు తెలుసు.